అడిగి తీసుకున్న ప్రార్థన

వకుళకి దేవుళ్ళందరితోనూ పరిచయం ఉంది, ఒక్కరితోనూ చుట్టరికం లేదు. గుంటూరులో ఒక కాలేజీలో ఆవిడ ప్రపంచ మతాల పాఠం చెప్పేది. పుస్తకం బట్టీపట్టి పరీక్ష రాస్తే సరిపోతుందా, వాళ్ళ మధ్యకెళ్ళి కూర్చోవద్దూ అని ఆవిడ పట్టు. అందుకని శుక్రవారం మసీదుకీ, శనివారం యూదుల మందిరానికీ, ఆదివారం చర్చికీ, వీలున్నప్పుడు గురుద్వారాకీ పిల్లల్ని వెంటేసుకుని తిరిగేది. తెలుగు యూదులేంటని నోరెళ్ళబెట్టకండి, గుంటూరు పక్కనే ఉన్నారు, శనివారం పూట పొయ్యి కూడా వెలిగించరు. ఎక్కడ తల కప్పుకోవాలో, ఎక్కడ కాళ్ళు కడుక్కోవాలో, ఎక్కడ పెట్టింది వద్దనకుండా తినాలో వకుళకి కొట్టినపిండి. "మనం చూడటానికి వెళ్తున్నాం, చూపించుకోవడానికి కాదు. వెనక వరసలో కూర్చోండి, ఫోన్లు సంచిలో పడేయండి" అని పిల్లలకి ముందే చెప్పేది. తను మాత్రం ఒళ్ళో నోటు పుస్తకం పెట్టుకుని గబగబా రాసుకుంటూ ఉండేది.

అన్నీ తెలిసిన మనిషికి ఒకరోజు చిక్కొచ్చిపడింది. గురుద్వారా నుంచి వస్తుంటే బస్సులో ఒక పిల్ల అడిగింది, "మేడమ్, మీరు చెప్పిందంతా అర్థమైంది. కానీ ఆ కీర్తన వింటూ ఆ పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు చూడండి, అప్పుడు ఆయన లోపల ఏముంది?" ఇరవై రెండేళ్ళ నోటు పుస్తకాలు వకుళ బీరువా నిండా ఉన్నాయి, వాటిలో ఆ సంగతి ఎక్కడా లేదు.

ఆ ప్రశ్నని పట్టుకెళ్ళి సుభాని ముందు పెట్టింది. సుభాని మెదడు మీద పనిచేసే శాస్త్రవేత్త, ఆవిడకంటే పదేళ్ళు చిన్నవాడు. బ్రాడీపేటలో ఒక మేడ మీద రెండు గదుల ప్రయోగశాల నడిపేవాడు. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళ కోసం ఒక యంత్రం చేశాడు. రెండు బట్ట టోపీలు, లోపల రాగి చుక్కలు, మధ్యలో టిఫిన్ డబ్బా అంత పెట్టె. బాగున్న మనిషి ఒక టోపీ పెట్టుకుని పిడికిలి బిగిస్తే, ఆ బిగించే తీరు రెండో టోపీలోని మనిషి తలలోకి వెళ్తుంది. పడిపోయిన చెయ్యి మెల్లగా మళ్ళీ నేర్చుకుంటుంది. ఇద్దరూ కలిసి చేసే పని గనక దానికి పొత్తు అని పేరు పెట్టుకున్నాడు.

"పిడికిలి బిగించడం ఒక అలవాటు మేడమ్. ప్రార్థనా అలవాటేగా" అన్నాడు సుభాని ఆలోచిస్తూ. "ఏళ్ళ తరబడి చేసీ చేసీ తలలో ఒక బాట పడుతుంది, పొలానికి అడ్డంగా కాలిబాట పడ్డట్టు. ఆ బాట ఎట్లా పోతుందో చూసి ఇంకో తలలో గీయొచ్చేమో."

"అయితే ముందు నువ్వే పెట్టుకో" అంది వకుళ. అతను అయిదు పూటలా నమాజు చేస్తాడని ఆవిడకి తెలుసు.

సుభాని నవ్వి తల అడ్డంగా ఊపాడు. "నాది మా అమ్మ నేర్పిన నమాజు మేడమ్. తీసి ఇంకొకళ్ళకి ఇవ్వాలంటే ఎందుకో మనసొప్పదు." అక్కడ కాస్త ఆగి ఆలోచించి ఉంటే ఈ కథే లేకపోను. కానీ వాళ్ళిద్దరికీ అప్పుడు ఉత్సాహం మీద ఉత్సాహం. అనుమతులిచ్చే కమిటీ ఒక్క షరతు పెట్టింది, ఎవరి అనుభవమూ యంత్రంలో దాచకూడదని. సరేనన్నారు. ఒక తల నుంచి ఇంకో తలకి పోవడమే, మధ్యలో ఏదీ మిగలదు.

మొదటి రెండు ప్రయత్నాలూ మొదలు కాకుండానే ఆగిపోయాయి. గురుద్వారా పెద్దాయన తలపాగా తీయనన్నాడు, తలపాగా మీద పెడితే రాగి చుక్కలు అందవు. యూదుల పెద్ద ఇంకా మర్యాదగా చెప్పాడు. "శనివారం, సబ్బాతు రోజున మేం దీపం స్విచ్చి కూడా ముట్టుకోమమ్మా. ఆదివారం రా, టోపీ పెట్టుకుంటాను. కాకపోతే నీకు కావలసింది ఆదివారం నా దగ్గర ఉండదు" అన్నాడు. వకుళ ఈ రెండు సంగతులూ పాఠంలో ఏటా చెప్పేదే. తన అవసరం వచ్చేసరికి మర్చిపోయింది.

మూడో మనిషి చర్చిలో సువార్తమ్మ. తల మీద చెంగు కప్పుకునే ఆడమనిషి, చెంగు కింద టోపీ ఎవరికీ కనిపించదు. డెబ్భై రెండేళ్ళు, చిన్నప్పటి నుంచీ ఎండుమిర్చికి తొడిమలు తీసే పని. ఆ పని చేసేవాళ్ళు పొరపాటున కూడా చేతులు కళ్ళ దగ్గరికి పోనివ్వరు. అందుకే ప్రార్థనలో ఏడుపొస్తే సువార్తమ్మ తుడుచుకోదు, కారినంతసేపూ కారనిస్తుంది. శుక్రవారం ఉపవాస కూడికలో ఆడవాళ్ళంతా ఆమె చేతనే ప్రార్థన చేయించుకునేవారు.

"నా ప్రార్థన తీసుకుని ఏం జేసుకుంటావే తల్లీ?" అని అడిగింది వకుళని.

"మీకు లోపల ఎలా ఉంటుందో నేనూ తెలుసుకుంటాను, తర్వాత పిల్లలూ తెలుసుకుంటారు."

"ఆయన సంగతి నలుగురికీ తెలిసిద్దంటే అంతకంటేనా. పెట్టు ఆ టోపీ." కాగితం మీద సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టింది. చదివినా అసలు ప్రమాదం సంగతి అందులో లేదు, రాసినవాళ్ళకే తెలియదు గనక.

ఆ శుక్రవారం మధ్యాహ్నం చాప మీద సువార్తమ్మ పక్కనే వకుళ కూర్చుంది. రెండో టోపీ తనే పెట్టుకుంది. సువార్తమ్మ ప్రార్థనలో గంభీరమైన మాటలేం లేవు. గోడకవతల పొరుగింటాయనతో మాట్లాడినట్టే మాట్లాడేది. "ప్రభువా, ఆ కుమారి కోడలికి నెలలు నిండినయ్యి, కాస్త దగ్గరుండి చూసుకో. మన ఏసుదాసు మళ్ళీ తాగుతన్నాడు, వాడికి చెప్పేదేదో నువ్వే చెప్పు, నా మాట వినడు..." వకుళ అలవాటు కొద్దీ నోటు పుస్తకం తెరిచింది. కలం మూత తీసింది.

అప్పుడు ఎవరో పక్కన వచ్చి కూర్చున్నట్టనిపించింది. ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. పనులన్నీ మానుకుని వచ్చి, నీకెంతసేపైనా పర్వాలేదు చెప్పు అన్నట్టు కూర్చున్నారు. అంతే. వకుళకి ఒళ్ళంతా వదులైంది, కలం జారి చాప మీద పడింది. తీసుకోబుద్ధి కాలేదు. వెంటనే హైమ గుర్తొచ్చింది.

హైమ వకుళకి ఒక్కగానొక్క చెల్లెలు. ముప్ఫై ఎనిమిదో ఏట ఉద్యోగం మానేసి కృష్ణ ఒడ్డున ఒక బౌద్ధ విహారంలో భిక్షుణిగా చేరింది. శిరోముండనం రోజున మా అక్క వస్తే చాలు అని కబురు పెట్టింది. వకుళ వెళ్ళింది. వెళ్ళి ఏం చేసిందంటారు? వెనక వరసలో కూర్చుని నోటు పుస్తకం తీసింది. 'తొమ్మిదీ నలభై, మొదటి పాయ' అని రాసుకుంది. కత్తి ఎటు నుంచి ఎటు నడిచిందో, జుట్టు ఏ గుడ్డలో పట్టారో, మంత్రం ఎన్నిసార్లు చదివారో అన్నీ రాసుకుంది. సొంత చెల్లెలి జుట్టు రాలుతుంటే ఎవరన్నా అలా చేస్తారా అంటే, ఆవిడ చేసింది. ఏడుపు రాకుండా ఉండటానికే రాశానని తర్వాత తనకి తను చెప్పుకుంది. అందులో నిజం లేకపోలేదు.

హైమ గుండుతో, కొత్త కాషాయంతో వచ్చి ఆ పేజీ చూసింది. "టైము రాసుకున్నావా అక్కా?" అంది. అరవలేదు, ఏడవలేదు. "నువ్వు నా కోసం వస్తావనుకున్నా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆరేళ్ళు మాటల్లేవు. వకుళ రెండు ఉత్తరాలు రాసి చించేసింది. రెండేళ్ళ క్రితం వానాకాలంలో డెంగీ వచ్చి హైమ మూడు రోజుల్లో పోయింది. అక్క చేరేసరికి ముఖం మీద తెల్లగుడ్డ కప్పేశారు. అప్పటి నుంచీ వకుళ పిల్లల్ని ఏ గుడికైనా తీసుకెళ్ళేది గానీ ఆ విహారం వైపు బస్సు తిప్పనిచ్చేది కాదు.

ఆ కూడికలో, పక్కన వచ్చి కూర్చున్న ఆ ఎవరితోనో వకుళ మనసులోనే చెప్పుకుంది, తప్పు చేశానని. రెండేళ్ళుగా గోడలకి చెప్పుకున్న మాటే. ఈసారి ఎవరో విన్నట్టనిపించింది. కూడిక అయిపోయాక పాస్టరమ్మగారు టీ ఇస్తే సగం ఒలకబోసుకుంది.

*

రెండు నెలలు వకుళ వేరే మనిషిలా తిరిగింది. కళ్ళు మూసుకుంటే చాలు, ఆ తోడు వచ్చేది. బస్సులో కూర్చున్నా వచ్చేది, కూర తరుగుతున్నా వచ్చేది. దేవుణ్ణి నమ్మావా అని అడిగితే ఆవిడ ఏం చెప్పేదో నాకు తెలియదు, ఎవరూ అడగలేదు. కడుపునిండా తింది, పాఠంలో నవ్వింది, హైమ ఫొటో బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టుకుంది. కొత్త పిల్లల జట్టుకి కూడా సువార్తమ్మ చేతనే చూపిద్దామని సుభానితో రోజు ఖాయం చేసుకుని, చెప్పి వద్దామని చర్చికి వెళ్ళింది.

సువార్తమ్మ ముందు వరసలో లేదు. వెనక తలుపు పక్కన, చెప్పులు విడిచేచోట కూర్చుని ఉంది. చెంపలు లోపలికి పోయాయి. ప్రార్థన చేయించేది వేరే ఎవరో.

మర్నాడు వకుళ మిర్చి షెడ్డుకి వెళ్ళింది. ఘాటుకి తుమ్ములే తుమ్ములు. సువార్తమ్మ ఎర్రటి కాయల గుట్ట ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది, చెయ్యి మాత్రం మునుపటంత చురుగ్గా లేదు.

"ఒంట్లో బాగాలేదా?"

"ఒంటికేమమ్మా. వారానికి నాలుగు పూటలు ఉపాసం ఉంటన్నా, అందుకే ఇట్టా ఉన్నా." కాసేపు కాయలు తీసి, గొంతు తగ్గించింది. "ఆయన నాతో మాట్టాడటం లేదమ్మా. పిలిస్తే ఉలకడు, పలకడు. నా పదేళ్ళప్పటి నుంచీ ఉన్నాడు. మా ఆయన పోయిన రోజున కూడా ఉన్నాడు. ఇప్పుడేమో గోడకి చెప్పుకున్నట్టుంది."

వకుళకి తుమ్ము ఆగిపోయింది. "ఎప్పటి నుంచి?"

"ఆ టోపీ పెట్టుకున్నామే, ఆ మరుసటి వారం నుంచీ. నేనేదో పాపం జేసుంటా. ఎతుకుతానే ఉన్నా. కోడల్ని ఒక మాటన్నా, పోయి కాళ్ళట్టుకున్నా. పక్కింటామె గిన్నె మర్చిపోయి ఉంచుకున్నా, తిరిగిచ్చా. ఇంకేందో ఉంది. అది నాకు గుర్తురాడంలా."

వకుళ అక్కడి నుంచి లేచొచ్చింది. నేరుగా బ్రాడీపేట మేడ ఎక్కి సుభానికి చెప్పింది. అతను నమ్మలేదు, పక్షవాతం రోగుల కోసం పిడికిలి బిగించిన వాళ్ళెవరికీ చెయ్యి పడిపోలేదే అన్నాడు. మళ్ళీ అతనే ఆ రోజు టోపీలు పట్టిన తలల కదలికల గీతలు, మిగిలినవి అవొక్కటే, తెర మీద పరిచి చూసుకున్నాడు. మూడో రోజు ఫోన్ చేసి పిలిచాడు. గడ్డం గీసుకోలేదు.

"నేను నకలు తీస్తున్నాననుకున్నా మేడమ్. కాదు. నారు పీకి ఇంకో మడిలో నాటుతున్నా" అన్నాడు. "బాట కదలకుండా పట్టుకుంటే గానీ యంత్రానికి కనిపించదు. ఆ పట్టుకోవడంలోనే వేళ్ళు ఊడొస్తున్నాయి. పిడికిలైతే మనిషి రోజుకి వెయ్యిసార్లు బిగిస్తాడు, ఆ సాయంత్రానికే మళ్ళీ మొలుస్తుంది. అందుకే నాకు తెలియలేదు. ఆమెది అరవై ఏళ్ళు నడిస్తే పడ్డ బాట."

"మళ్ళీ పడదా?"

"ఇంకో అరవై ఏళ్ళుంటే పడుతుంది."

యంత్రంలో గీతలు తప్ప ఏమీ దాచలేదు. ఇక అది ఉన్నది ఈ లోకంలో ఒక్కచోట, వకుళ తలలో. అక్కడి నుంచి పీకి మళ్ళీ సువార్తమ్మలో నాటొచ్చు, ఒక్కసారికి తట్టుకుంటుంది. నాటాక వకుళకి మిగిలేది సున్నా. సుభాని కాసేపు బల్ల మీద గీతలు గీశాడు. "ఇంకో పరీక్ష ఉందని చెప్పి పిలిచి పెట్టేద్దాం మేడమ్. ఆమెకి చెప్పడమెందుకు? నీ దేవుడు నీ తలలో ఒక బాట, అది మేం తవ్వేశాం అంటే ఆ ముసలామె ఏమైపోవాలి?"

మాట సబబుగానే ఉంది. అసలు సంగతి ఏంటంటే, వకుళకి ఆ మాట అక్కర్లేదు. ఆవిడకి ఇవ్వాలనే లేదు. చెప్పి ఇవ్వడమా, చెప్పకుండా ఇవ్వడమా అనేది తర్వాతి సంగతి. ఆలోచిస్తానని ఇంటికొచ్చింది. పదకొండు రోజులు ఆలోచించింది. సిగ్గుపడాల్సిన సంగతే, దాచడానికి నేనెవర్ని? రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని, ఆ తోడు వచ్చిందని చూసుకుని, హైమతో నాలుగు మాటలు చెప్పుకుని, రేపు ఇచ్చేద్దాంలే అనుకునేది.

*

పన్నెండో రోజు శుక్రవారం. కాళ్ళు ఆవిడని చర్చికి లాక్కెళ్ళాయి. ఎప్పటిలాగే వెనక వరసలో కూర్చుంది. పాటలయ్యాయి, సాక్ష్యాలు మొదలయ్యాయి. సాక్ష్యమంటే లేచి నిలబడి దేవుడు తనకి చేసిన మేలు పదిమందిలో చెప్పుకోవడం. ఒకామె కొడుక్కి జ్వరం తగ్గిందని చెప్పింది. ఇంకొకామె అల్లుడు తిరిగొచ్చాడని చెప్పింది. అప్పుడు తలుపు పక్క నుంచి సువార్తమ్మ గోడ పట్టుకుని లేచింది.

"సంఘానికి వందనాలు. చెప్పడానికి నాకు మేలేం లేదు. నేనేదో పాపం జేశా, ప్రభువు నన్ను వదిలిపోయాడు. అదేందో నాకు తెలవడంలా." ఆమె కళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం కిందనే ఉన్నాయి. "మీరంతా నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినోళ్ళు. మీకెవరికన్నా తెలిస్తే చెప్పండి. నేనేం అనుకోను. ఇక్కడే ఒప్పుకుంటా."

ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఒకామె చెంగు నోట్లో కుక్కుకుంది. సువార్తమ్మ ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ వస్తోంది, ఎవరైనా చెప్తారేమోనని, నిజంగానే ఆశగా.

ఇరవై రెండేళ్ళలో ఏ గుడిలోనూ, ఏ మసీదులోనూ, ఏ చర్చిలోనూ నోరెత్తని మనిషి వకుళ. లేచి నిలబడింది. "ఆవిడ ఏ పాపమూ చేయలేదు" అంది. "నేను తీసుకున్నాను. ఆ టోపీతో. చూసి వదిలేస్తామనుకున్నాం, అది ఊడొచ్చేసింది. ఆవిడ ప్రార్థన ఇప్పుడు నా దగ్గరుంది. ఈ సంగతి తెలిసి పదకొండు రోజులైంది. నాకు ఇవ్వబుద్ధి కాక చెప్పలేదు."

గుసగుసలు లేచాయి. ఒకామె ఏందీ మాయ అంది, ఒకామె పోలీసులకి చెప్పండి అంది. సువార్తమ్మ మాత్రం గోడ వదిలి, చాపల మధ్య నుంచి నడిచొచ్చి వకుళ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. వకుళ అంతా చెప్పింది, బాట గురించీ, నారు గురించీ. అర్థమయ్యేలా చెప్పడం ఆవిడ వృత్తి, కానీ ఆ రోజు మాటలు తడబడ్డాయి.

"అయితే ఆయనకి నా మీద కోపం లేదన్నమాట" అంది సువార్తమ్మ.

"ఆయన సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు. మీలో ఒక దారి ఉండేది, దాన్ని నేను చెరిపేశాను. అంతవరకే తెలుసు."

"దారి పోయింది గానీ ఇల్లు పోలేదు గదా." ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. రెండు నెలల ఉపవాసం ఆ ఊపిరిలో బయటికొచ్చినట్టుంది. "ఎంత భయపడ్డానో నీకేం తెలుసు. నాకు చెవుడొచ్చిందనుకుంటాలే. చెవుడొచ్చినోళ్ళు ఇంట్లో ఉండరా?" వకుళ వైపు తిరిగింది. "నీ దగ్గరుందంటన్నావు. నీకెట్టా ఉంది?"

వకుళ హైమ గురించి చెప్పింది. జుట్టు గురించి, టైము గురించి, తెల్లగుడ్డ గురించి. ఎవరికీ చెప్పని మనిషి, మిర్చి వాసన కొట్టే చేతిని పట్టుకుని మొత్తం చెప్పేసింది.

"అయితే ఉంచుకో" అంది సువార్తమ్మ.

వకుళ తెల్లబోయింది.

"నేను అరవై ఏళ్ళు తిన్నానమ్మా. నీకు మొన్ననే గదా దొరికింది. నువ్వు అడిగావు, నేనిచ్చా. ఇచ్చింది మళ్ళీ అడుక్కుంటారా ఎవరన్నా?"

చూశారా, ఉంచుకోవచ్చు. సొంతదారే ఇచ్చేసింది, పైగా మనస్ఫూర్తిగా. వకుళ గుండె ఒక్క క్షణం తేలికైంది. అప్పుడు ఆమె చెంపల వైపు చూసింది, ఎముకలు తేలిన ఆ మణికట్టు వైపు చూసింది. "లేదు సువార్తమ్మా. ఇంక కళ్ళు మూసుకుంటే నాకు మీరే కనిపిస్తారు, చెప్పుల దగ్గర కూర్చుని. వద్దు. మీరు తీసుకోకపోతే నేను పిచ్చిదాన్నైపోతాను" అంది. ఏడుస్తూనే అంది. సువార్తమ్మ ఆవిడ వీపు నిమిరి, సరేలే, సోమవారం వస్తా, షెడ్డు సెలవు అంది.

*

సోమవారం పొద్దున సుభాని కొత్త చాప పరిచి ఉంచాడు. సువార్తమ్మకి కుర్చీ మీద కూర్చుని ప్రార్థన చేయడం అలవాటు లేదని ఎవరో చెప్పారట. ఆమె రాగానే లేచి, "నన్ను క్షమించండమ్మా" అన్నాడు. "నీ తప్పేముందయ్యా, తెలవక జరిగింది. ముందు గడ్డం గీసుకో" అందామె.

ఈసారి టోపీలు తారుమారు. ఇచ్చే టోపీ వకుళది. "మీరు ఆ స్థితిలో ఉండాలి మేడమ్. అప్పుడే కదులుతుంది" అన్నాడు సుభాని. వకుళ కళ్ళు మూసుకుంది. రెండు నెలలుగా ఊరికే వచ్చేది ఇప్పుడు రాలేదు. వస్తోందా అని చూసుకుంటోంది, ఎంత మిగిలిందా అని చూసుకుంటోంది, ఇదే ఆఖరుసారి కదా, ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకోవాలని చూసుకుంటోంది. తెర మీద గీత బల్లపరుపుగా ఉంది. పావుగంట, అరగంట.

"మీరు చూస్తున్నారు మేడమ్" అన్నాడు సుభాని మెల్లగా. "నాక్కూడా కొన్నిరోజులు నమాజులో అట్లాగే అవుతుంది. చూడటం ఆపండి."

ఆపడమెలాగో వకుళకి తెలియదు. పక్కన సువార్తమ్మ ఉపవాసం విడిచినా ఇంకా సన్నగా, చెంగు కప్పుకుని ఓపిగ్గా కూర్చుని ఉంది. వకుళ తల వంచుకుని, గదిలో ఇద్దరూ వింటున్నారన్న ఊహ కూడా లేకుండా, పైకే అనేసింది. "హైమా, నీకు చలేసిందా? గుండు చేశాక ఆ గాలికి నీకు చలేసే ఉంటుంది. నీ భుజాలు వణికాయి, నేను చూశాను. శాలువా నా సంచిలోనే ఉంది. లేచొచ్చి కప్పాలని ఉంది. అందరూ ఉన్నారని లేవలేదు. రాసుకుంటూ కూర్చున్నాను. శాలువా ఉంది హైమా నా దగ్గర."

గీత లేచింది. ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు, ఎప్పటిలాగే తొందర లేకుండా. వకుళ ఇంకా మాట్లాడుతూనే ఉంది, చించేసిన రెండు ఉత్తరాల్లో ఏముందో అంతా చెప్తూనే ఉంది. మధ్యలో ఎక్కడో ఆ తోడు లేచి, అటు పక్కకి వెళ్ళినట్టనిపించింది. తర్వాత ఆవిడ మాటలు ఆవిడకే వినిపించాయి. గదిలో ఏసీ చప్పుడు, కింద రోడ్డు మీద ఆటోల హారన్లు. ఇంకేమీ లేదు. వకుళ నోరు మూసుకుంది. లోపల తడిమి చూసుకుంది, ఖాళీ. టోపీ పెట్టుకోకముందు ఎలా ఉందో అలాగే ఉంది.

సుభాని వచ్చి ఇద్దరి టోపీలూ తీసేశాడు. ఆ యంత్రాన్ని ఇక ఎవరికీ పెట్టనని ఆ ముందు రోజే చెప్పాడు.

సువార్తమ్మ కళ్ళు తెరవలేదు. చాలాసేపు అలాగే కూర్చుంది. పని జరిగిందో లేదో తెలియక వకుళ ఆమె ముఖమే చూసింది. మెల్లగా ఆమె చెంపల మీదికి నీళ్ళు దిగాయి. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. పెదవులు కదిలాయి.

"వచ్చావా నాయనా" అంది. "రా, కూచో. రెణ్ణెల్ల సంగతులున్నయ్యి నీకు చెప్పాల్సినయ్యి." ఆపైన వరస మొదలైంది. కుమారి కోడలికి ఆడపిల్ల పుట్టింది, పాలు చాలడం లేదు. ఏసుదాసు వారం నుంచీ తాగడం లేదు, నువ్వేనా చెప్పింది? ఈ సుభాని మంచోడు, నిద్రపోవడం లేదు పాపం, కాస్త నిద్రపట్టించు. షెడ్డులో మేస్త్రీ మంచమెక్కాడు. చెప్పుకుంటూ పోతోంది. వకుళ వింటూ కూర్చుంది. ఆ మాటల వెనక ఏముంటుందో ఆవిడకి ఇప్పుడు తెలుసు, కానీ మాటలే వినిపిస్తున్నాయి. లేచి వెళ్ళిపోతే ఎవరూ ఏమీ అనుకోరు. వెళ్ళలేదు.

కళ్ళు తెరవకుండానే సువార్తమ్మ చెయ్యి చాచింది, తడుముకుని వకుళ చెయ్యి అందుకుని తన ఒళ్ళోకి లాక్కుంది.

"ఇంకొక్క సంగతి ప్రభువా" అంది. "హైమ అని ఒక బిడ్డ రెండేళ్ళ కింద నీ దగ్గరికొచ్చింది. గుండుతో ఉంటది, గుర్తుపడతావు. కాస్త ఎట్టా ఉందో కనుక్కో. వాళ్ళక్క అడుగుతోందని చెప్పు."